20 అమైనో ఆమ్లాలకు 37 జన్యువులు ఎందుకు? ప్రోటీన్ తయారీ ఎంజైముల జన్యు నిర్మాణంపై నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు అనంతపురంలో ఎమ్మెస్సీ చదువుతున్నారు. సెమినార్‌కి మనిషిలో ప్రోటీన్ తయారీకి పనిచేసే ఎంజైముల జన్యు నిర్మాణం అనే టాపిక్ ఇచ్చారు. అమైనో ఆమ్లాలు 20 కాబట్టి ఎంజైములూ 20, జన్యువులూ 20 ఉంటాయనుకుని మొదలుపెట్టారు. వెతికితే 37 అని వస్తోంది. వాటిలో దాదాపు సగం పేర్ల పక్కన 'మైటోకాండ్రియల్' అని కనిపించేసరికి, ఆ సగం మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఉంటాయా, తల్లి నుంచి మాత్రమే వస్తాయా అని సందేహం వచ్చింది. చివరగా, ఈ జన్యువుల నిర్మాణంలో సెమినార్‌లో చెప్పుకోదగ్గ విశేషం ఏముందని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. 37 అన్నది సరైన లెక్కే. ఆ 37 జన్యువులూ కణ కేంద్రకంలోని క్రోమోజోముల మీదే ఉన్నాయి. మైటోకాండ్రియా డీఎన్‌ఏలో వాటిలో ఒక్కటి కూడా లేదు. కాబట్టి అవి తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తాయి. ఇక నిర్మాణం సంగతి. ఈ కుటుంబంలో చెప్పుకోదగ్గదంతా ప్రోటీన్‌కి అక్షరాలిచ్చే భాగాలకంటే వాటి అంచుల్లో, అతుకుల్లో ఎక్కువగా ఉంది. ఎక్కడ మొదలవుతుంది, ఏ ముక్కను కలుపుతుంది, ఏ ముక్కను వదిలేస్తుంది అన్నదే అసలు విషయం.

నేను కర్నూలులో మాలిక్యులర్ బయాలజీ చెబుతాను. జన్యు పరీక్ష రిపోర్టులు చేత్తో పట్టుకుని వచ్చే కుటుంబాలకు వాటిని చదివి వివరించే పని కూడా చాలా ఏళ్లుగా చేస్తున్నాను. అందుకే ఈ టాపిక్ నాకు పరీక్షల కోసం చదివి వదిలేసేదిగా ఎప్పుడూ అనిపించలేదు.

ఈ ఎంజైములు చేసే పని ముందు రెండు మాటల్లో. వీటిని అమైనోఎసైల్ టీ-ఆర్‌ఎన్‌ఏ సింథటేజులు అంటారు. సరైన అమైనో ఆమ్లాన్ని సరైన టీ-ఆర్‌ఎన్‌ఏకి, అంటే దాన్ని ప్రోటీన్ తయారుచేసే యంత్రమైన రైబోసోముకు మోసుకెళ్లే చిన్న ఆర్‌ఎన్‌ఏకి, తగిలించడమే వీటి పని. ముందు కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి అమైనో ఆమ్లాన్ని సిద్ధం చేస్తాయి, తర్వాత దాన్ని టీ-ఆర్‌ఎన్‌ఏ చివర అతికిస్తాయి. రైబోసోముకు టీ-ఆర్‌ఎన్‌ఏ మోసుకొచ్చిన అమైనో ఆమ్లం సరైనదా కాదా అని చూసుకునే మార్గం పెద్దగా లేదు. అది కోడాన్ (సందేశంలోని మూడక్షరాల మాట), యాంటీకోడాన్ (టీ-ఆర్‌ఎన్‌ఏలో దానికి సరిపోయే మూడక్షరాలు) జత కుదిరిందా లేదా అనే చూస్తుంది. అంటే జన్యు సంకేతాన్ని నిజంగా అమలుచేసేది ఈ ఎంజైములే. క్లాసులో అందరూ రైబోసోము బొమ్మ గీస్తారు, ఈ ఎంజైముల్ని మాత్రం ఒక బాణం గుర్తు మీద చిన్న పేరుగా రాసి వదిలేస్తారు. నాకు అది న్యాయంగా అనిపించదు.

ఇప్పుడు 37 లెక్క. బట్టీ పట్టకండి, కూడి చూసుకోండి.

మన కణంలో ప్రోటీన్ రెండు చోట్ల తయారవుతుంది. ఒకటి సైటోప్లాజమ్, రెండోది మైటోకాండ్రియా లోపల. మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియా నుంచి వచ్చిందే కాబట్టి దానికి సొంత టీ-ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయి. అవి బయటి వాటికంటే చాలా తేడాగా ఉంటాయి. అందుకని రెండు చోట్లా వేర్వేరు సింథటేజులు కావాలి.

సైటోప్లాజమ్‌కి 20 అమైనో ఆమ్లాలు, అంటే 20 ఎంజైములు కావాలి. అయితే గ్లుటమిక్ ఆమ్లం ఎంజైము, ప్రోలిన్ ఎంజైము రెండూ కలిసిపోయి ఒకే పొడవాటి ప్రోటీన్‌గా, ఒకే జన్యువు నుంచి వస్తాయి. అక్కడ ఒకటి తగ్గింది. ఫినైల్ అలనిన్ ఎంజైముకేమో రెండు రకాల ఉపభాగాలు, రెండు వేర్వేరు జన్యువులు. అక్కడ ఒకటి పెరిగింది. మళ్లీ 20కే వచ్చాం.

మైటోకాండ్రియాకి 19 చాలు. గ్లుటమిన్‌కి అక్కడ విడిగా సింథటేజ్ లేదు. గ్లుటమిన్ టీ-ఆర్‌ఎన్‌ఏ మీద ముందు గ్లుటమిక్ ఆమ్లాన్నే ఎక్కించి, ఆ తర్వాత వేరే ఎంజైము దాన్ని అక్కడికక్కడే గ్లుటమిన్‌గా మారుస్తుంది. బాక్టీరియాలో చాలావాటిలో ఉన్న పాత పద్ధతే ఇది. ఫినైల్ అలనిన్‌కి మైటోకాండ్రియాలో ఒకే గొలుసున్న చిన్న ఎంజైము సరిపోతుంది.

20, 19 కలిపితే 39. అందులో గ్లైసిన్, లైసిన్ ఎంజైములకు మాత్రం రెండు చోట్లకూ ఒకే జన్యువు. అంటే రెండు తీసేయాలి. 37 వచ్చింది. ఇంకోలా చెప్పాలంటే సైటోప్లాజమ్‌కి మాత్రమే పనిచేసేవి 18, మైటోకాండ్రియాకి మాత్రమే పనిచేసేవి 17, రెంటికీ పనిచేసేవి 2. థ్రియోనిన్ ఎంజైముని పోలిన టీఏఆర్‌ఎస్3 అనే ఇంకో జన్యువును కూడా కలిపి 38 అనేవాళ్లున్నారు. సెమినార్‌లో ఎవరైనా అడిగితే అది కూడా చెప్పండి.

పేర్లు చదవడం తేలిక. మొదటి అక్షరం అమైనో ఆమ్లం ఒంటి అక్షరపు గుర్తు, తర్వాత 'ఏఆర్‌ఎస్', చివర అంకె. 1 ఉంటే సైటోప్లాజమ్‌ది, 2 ఉంటే మైటోకాండ్రియాది. జీఏఆర్‌ఎస్1 (గ్లైసిన్), కేఏఆర్‌ఎస్1 (లైసిన్) మాత్రం రెండు చోట్లకూ పనిచేస్తాయి. పాత పరిశోధన పత్రాల్లో చివర 1 అంకె ఉండదు, జీఏఆర్‌ఎస్ అనే ఉంటుంది. రెండూ ఒకటే, కంగారు పడకండి.

మీరు తికమకపడటానికి ఇంకో కారణం కూడా ఉండి ఉండొచ్చు. మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఉన్న మొత్తం జన్యువులు కూడా సరిగ్గా 37. వాటిలో 13 ప్రోటీన్లవి, 22 టీ-ఆర్‌ఎన్‌ఏలవి, 2 రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏలవి. ఈ 37కీ ఆ 37కీ ఏ సంబంధమూ లేదు. మైటోకాండ్రియా తన టీ-ఆర్‌ఎన్‌ఏలను తానే రాసుకుంటుంది. వాటికి అమైనో ఆమ్లం ఎక్కించే ఎంజైములన్నీ మాత్రం కేంద్రకం పంపించాల్సిందే. సైటోప్లాజమ్‌లో తయారై, ముందు భాగంలో ఉన్న ఒక చిరునామా ముక్క సాయంతో మైటోకాండ్రియా లోపలికి చేరతాయి. లోపలికి వెళ్లాక సాధారణంగా ఆ ముక్క తెగిపోతుంది.

ఈ తేడా పరీక్షల్లో మార్కుల వరకే అనుకోవద్దు. ఆదోని వైపు నుంచి ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చింది. పిల్లవాడికి నడకలో తూలు, ముఖ్యంగా చీకట్లో అడుగు తడబడుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి. బెంగళూరులో ఎంఆర్‌ఐ తీశారు, తర్వాత జన్యు పరీక్ష చేశారు. రిపోర్టులో డీఏఆర్‌ఎస్2 అని, దాని పక్కనే మైటోకాండ్రియల్ అని ఉంది. ఊళ్లో ఎవరో చదువుకున్న అబ్బాయి 'మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది' అని చెప్పాడట. అంతే, ఇంట్లో తప్పంతా కోడలి మీదకు వెళ్లింది. "అంతా ఆ పక్క నుంచే వచ్చిందంట గదా సారూ" అని పిల్లవాడి నాయనమ్మ నా ముందే అంది. కోడలు తల వంచుకుని కూర్చుంది.

నేను ఆ రిపోర్టు తిప్పి వాళ్లకు రెండు లైన్లు చూపించాను. డీఏఆర్‌ఎస్2, అంటే ఆస్పార్టిక్ ఆమ్లం ఎంజైము జన్యువు, ఉండేది క్రోమోజోమ్ 1 మీద. మైటోకాండ్రియాలో పనిచేసే ప్రోటీన్ కాబట్టి ఆ మాట రాశారు, జన్యువు అక్కడ ఉందని కాదు. రెండు ప్రతుల్లోనూ తేడా ఉంటేనే ఈ జబ్బు వస్తుంది. తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష చేయిస్తే ఒక తేడా తండ్రి నుంచి, రెండోది తల్లి నుంచి వచ్చినట్టు తేలింది. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు, ఇద్దరూ వాహకులే, అంటే ఒక ప్రతిలో మాత్రమే తేడా ఉన్నవాళ్లు. ఒక తప్పుడు వాక్యం ఒక ఆడమనిషి మీద ఎంత బరువు వేస్తుందో చూశాను కాబట్టి, మీ సెమినార్‌లో మరేం చెప్పినా చెప్పకపోయినా 'మైటోకాండ్రియల్ ప్రోటీన్ వేరు, మైటోకాండ్రియల్ జన్యువు వేరు' అన్న మాట గట్టిగా చెప్పమని అడుగుతున్నాను.

ఇక నిర్మాణానికి వద్దాం. ఇదే డీఏఆర్‌ఎస్2ని ఉదాహరణగా తీసుకోండి. ప్రోటీన్‌లో 645 అమైనో ఆమ్లాలు. ఒక్కోదానికి మూడు అక్షరాల చొప్పున, ఆపు గుర్తుతో కలిపినా రెండు వేల అక్షరాల్లోపే. జన్యువు మాత్రం దాదాపు 32 వేల అక్షరాల పొడవుంటుంది. 17 ఎక్సాన్లు (చివరికి ఉంచుకునే ముక్కలు), వాటి మధ్య 16 ఇంట్రాన్లు (కత్తిరించి పారేసే ముక్కలు). ప్రోటీన్‌కి అక్షరాలిచ్చేది మొత్తం పొడవులో పదహారో వంతు మాత్రమే. మిగతాదంతా ఎక్కువ భాగం ఇంట్రాన్లు. ఆర్‌ఎన్‌ఏగా రాసుకున్నాక కణం వాటిని కత్తిరించి ఎక్సాన్లను అతికిస్తుంది. అదే స్ప్లైసింగ్. జన్యువులు ఇలా ముక్కలుగా ఉంటాయని 1977లో తెలిసింది. ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ వచ్చింది దీనికే.

అన్నీ ఇలాగే ఉంటాయనుకోకండి. మైటోకాండ్రియా మిథియోనిన్ ఎంజైము ఎంఏఆర్‌ఎస్2కి ఒకటే ఎక్సాన్, మధ్యలో ఇంట్రానే లేదు. ఒకే పని చేసే కుటుంబంలోనే ఒకటి 17 ముక్కలు, ఇంకొకటి ఒకటే ముక్క. ఇవి క్రోమోజోముల మీద ఒకచోట గుంపుగా కూడా ఉండవు, చెల్లాచెదురుగా ఉంటాయి. క్రోమోజోమ్ 5 మీద మాత్రం కొంచెం ఎక్కువ కనిపిస్తాయి: హిస్టిడిన్‌వి రెండూ, ల్యూసిన్, ఆర్జినిన్, థ్రియోనిన్‌ల సైటోప్లాజమ్ జన్యువులూ అక్కడే. వాలిన్ ఎంజైము జన్యువు వీఏఆర్‌ఎస్1 అయితే క్రోమోజోమ్ 6 మీద, రోగనిరోధకానికి ముఖ్యమైన ఎంహెచ్‌సీ ప్రాంతం మధ్యలో ఉంటుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వచ్చాం. ఒకే జన్యువు నుంచి రెండు చోట్లకు ఎంజైము ఎలా వెళ్తుంది? గ్లైసిన్, లైసిన్ రెండూ ఈ పని చేస్తాయి, కానీ దారులు వేరు.

లైసిన్ జన్యువు కేఏఆర్‌ఎస్1 క్రోమోజోమ్ 16 మీద ఉంటుంది. ఇది స్ప్లైసింగ్‌తో పని చక్కబెడుతుంది. ఎక్సాన్ 1ని నేరుగా ఎక్సాన్ 3కి అతికిస్తే సైటోప్లాజమ్ రూపం వస్తుంది, 597 అమైనో ఆమ్లాలు. మధ్యలో ఎక్సాన్ 2ని కూడా ఉంచితే మైటోకాండ్రియా రూపం, 625 అమైనో ఆమ్లాలు. రెంటిలోనూ చివరి 576 అమైనో ఆమ్లాలు పొల్లుపోకుండా ఒకటే. తేడా అంతా ముందు భాగంలోనే. సైటోప్లాజమ్ రూపానికి ముందు 21 ఉంటే, మైటోకాండ్రియా రూపానికి ముందు 49 ఉంటాయి, చిరునామా ముక్క అందులో ఉంటుంది. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించండి, 576కి 21 కలిపితే 597, 49 కలిపితే 625. విద్యార్థులకు వెంటనే పట్టుబడుతుంది.

గ్లైసిన్ జన్యువు జీఏఆర్‌ఎస్1 క్రోమోజోమ్ 7 మీద ఉంటుంది. ఇక్కడ ఎక్సాన్లను మార్చాల్సిన పని లేదు. ప్రోటీన్ మొదలుపెట్టే గుర్తులు రెండున్నాయి. మొదటి గుర్తు దగ్గర మొదలైతే 739 అమైనో ఆమ్లాలు, ముందు 54 అమైనో ఆమ్లాల చిరునామాతో సహా. రెండో గుర్తు దగ్గర మొదలైతే 685, చిరునామా లేకుండా. అది సైటోప్లాజమ్‌లోనే ఉండిపోతుంది.

ఈ 54 దగ్గర రిపోర్టులు చదివేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. జీఏఆర్‌ఎస్1లో మార్పుల వల్ల చార్కో-మారీ-టూత్ అనే నరాల జబ్బులో 2డీ రకం వస్తుందని 2003లో తేలింది. చేతి కండరాలు, ముఖ్యంగా బొటనవేలి మొదట్లో కండ, ముందు తగ్గిపోతుంది. అప్పటి పత్రాల్లో చిన్న రూపం ప్రకారం లెక్కపెట్టి 71వ స్థానం, 129వ స్థానం, 240వ స్థానం అని రాశారు. ఇప్పటి రిపోర్టులు పెద్ద రూపం ప్రకారం లెక్కపెడతాయి, అవే 125, 183, 294 అవుతాయి. అన్నిటికీ 54 తేడా. ఒక డాక్టరుగారు తన రోగి రిపోర్టులోని మార్పు పాత పత్రాల్లో ఎక్కడా లేదు, కొత్తదేమో అని నాకు పంపారు. 54 తీసేసి వెతికితే మొదటి పత్రంలోనే ఉంది. రిపోర్టులో మార్పు పక్కన 'ఎన్‌ఎమ్' అని మొదలయ్యే ఒక నంబరు ఉంటుంది. ఏ ఆర్‌ఎన్‌ఏ రూపాన్ని బట్టి లెక్కపెట్టారో అది చెబుతుంది. ముందు దాన్ని చూడటం అలవాటు చేసుకోండి.

ఇంకో మాట. పైన డీఏఆర్‌ఎస్2 జబ్బుకి రెండు ప్రతులూ దెబ్బతినాలన్నాను. ఈ జీఏఆర్‌ఎస్1 నరాల జబ్బుకి ఒక ప్రతిలో మార్పు చాలు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. కాబట్టి 'ఈ ఎంజైముల జబ్బులన్నీ మేనరికం వల్లే' అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

హిస్టిడిన్ దారి మళ్లీ వేరు. హెచ్‌ఏఆర్‌ఎస్1, హెచ్‌ఏఆర్‌ఎస్2 రెండూ క్రోమోజోమ్ 5 మీద పక్కపక్కనే, ఒకదానికొకటి వీపు తిప్పి ఉంటాయి. ఒకటి ఎడమకు చదవబడుతుంది, రెండోది కుడికి. మధ్యలో ఉన్న చిన్న జాగా రెంటికీ ప్రమోటర్‌గా, అంటే జన్యువు చదవడం మొదలుపెట్టించే చోటుగా, పనిచేస్తుంది. రెండిళ్లకు ఉమ్మడి అరుగు ఉన్నట్టు. రెండు ప్రోటీన్లూ చాలా దగ్గర పోలికతో ఉంటాయి. అంటే ఎప్పుడో ఒక జన్యువు రెండుగా నకలై, ఒకటి సైటోప్లాజమ్‌కి, ఇంకొకటి మైటోకాండ్రియాకి స్థిరపడింది. ఈ సంగతి 1990లలోనే పత్రికల్లో వచ్చింది.

ఇది మీరే కళ్లారా చూడొచ్చు. జన్యువుల్ని బొమ్మగా చూపించే యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్ తెరిచి హెచ్‌ఏఆర్‌ఎస్1 అని టైపు చేయండి. మందపాటి గడులు ఎక్సాన్లు, వాటిని కలిపే సన్నటి గీత ఇంట్రాన్. ఆ సన్నటి గీత మీద చిన్న చిన్న బాణం మొనలు కనిపిస్తాయి, జన్యువు ఏ వైపు చదవబడుతుందో అవి చెబుతాయి. హెచ్‌ఏఆర్‌ఎస్1లో మొనలు ఎడమకు తిరిగి ఉంటాయి. కొంచెం కుడికి జరపండి, హెచ్‌ఏఆర్‌ఎస్2 కనిపిస్తుంది, దాని మొనలు కుడికి. ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది కానీ కంప్యూటర్‌లో చూడండి, గడుల వెడల్పు తేడాలు బాగా తెలుస్తాయి. ఆ తెర ఫొటోనే మీ సెమినార్‌లో మొదటి స్లైడ్ పెట్టుకోవచ్చు.

హిస్టిడిన్ ఎంజైము గురించి మాట్లాడుతున్నప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి. యాంటీ జో-1 పాజిటివ్ అని రిపోర్టు వచ్చినవాళ్లు 'ఇది మా పిల్లలకు వస్తుందా' అని నన్ను అడుగుతుంటారు. కండరాల నొప్పులు, బలహీనత, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉండే ఆ జబ్బులో శరీరం సైటోప్లాజమ్ హిస్టిడిన్ ఎంజైము మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. 1983లో ఆ సంగతి బయటపడింది. అక్కడ జన్యువు బాగానే ఉంది, దాని ప్రోటీన్ మీద రోగనిరోధక వ్యవస్థ తిరగబడింది. జన్యువులో మార్పు వచ్చి పుట్టే జబ్బులు వేరు. హెచ్‌ఏఆర్‌ఎస్2లో మార్పులతో ఆడపిల్లల్లో వినికిడి పోవడం, అండాశయాలు త్వరగా పనిచేయడం మానేయడం కలిసి వచ్చే పెరాల్ట్ సిండ్రోమ్ వాటిలో ఒకటి.

రెండు ఎంజైములు కలిసిపోయిన జన్యువు ఈపీఆర్‌ఎస్1 గురించి కూడా ఒక పేరా రాయాలి. క్రోమోజోమ్ 1 మీద ఉంటుంది, ప్రోటీన్ పొడవు 1512 అమైనో ఆమ్లాలు. ముందు సగం గ్లుటమిక్ ఆమ్లానిది, వెనక సగం ప్రోలిన్‌ది. మధ్యలో ఒకే రకమైన చిన్న మడత మూడుసార్లు వస్తుంది. ఇలాంటి మడత గ్లైసిన్, హిస్టిడిన్, ట్రిప్టోఫాన్, మిథియోనిన్ ఎంజైముల్లో కూడా ఒక్కొక్కటి కనిపిస్తుంది. బాక్టీరియాలో అది లేదు. ఎంజైము అసలు పనికి అది అక్కర్లేదు, ఇతర ప్రోటీన్లతో, ఆర్‌ఎన్‌ఏతో జతకట్టడానికి పనికొస్తుంది. పరిణామంలో పెద్ద జీవులు పాత ఎంజైములకు ఇలా కొత్త ముక్కలు తగిలించుకుంటూ వచ్చాయి. ఎనిమిది సింథటేజ్ ప్రోటీన్లు మరో మూడు సహాయక ప్రోటీన్లతో కలిసి ఒకే పెద్ద గుంపుగా పనిచేయడం కూడా ఈ అదనపు ముక్కల పుణ్యమే చాలావరకు.

ట్రిప్టోఫాన్ జన్యువు డబ్ల్యూఏఆర్‌ఎస్1 (క్రోమోజోమ్ 14) గురించి క్లుప్తంగా. దాని ప్రమోటర్‌లో ఇంటర్‌ఫెరాన్ (ఇన్‌ఫెక్షన్ వచ్చిందని కణాలను హెచ్చరించే ప్రోటీన్) సంకేతాన్ని గుర్తుపట్టే చోట్లున్నాయి. ఇన్‌ఫెక్షన్ సమయంలో గామా ఇంటర్‌ఫెరాన్ పెరిగితే ట్రిప్టోఫాన్‌ని విరగ్గొట్టే వేరే ఎంజైము కూడా పెరుగుతుంది, దాంతోపాటే ఈ సింథటేజ్ కూడా పెరుగుతుంది. ట్రిప్టోఫాన్ కరువైనా తన ప్రోటీన్ తయారీ ఆగకుండా కణం ఇలా చూసుకుంటుందని భావిస్తారు. స్ప్లైసింగ్ తేడా వల్ల ముందు 47 అమైనో ఆమ్లాలు లేని ఒక చిన్న రూపం కూడా దీనికి ఉంది.

ఇప్పుడు అసలు విషయం, అంచులు, అతుకులు. కేఏఆర్‌ఎస్1లో ఎక్సాన్ 2ని వదిలేయడం మామూలు పని, రోజూ ప్రతి కణంలో జరిగేదే. డీఏఆర్‌ఎస్2లో ఎక్సాన్ 3ని వదిలేస్తే అదే పని జబ్బు.

ఈ జబ్బు పేరు పొడవు, పొట్టిగా ఎల్‌బీఎస్‌ఎల్ అంటారు. మెదడు తెల్లపదార్థం, మెదడు కాండం, వెన్నుపాము దెబ్బతింటాయి, లాక్టేట్ పెరుగుతుంది. 2003లో ఎంఆర్‌ఐ తీరును బట్టి దీన్ని విడి జబ్బుగా గుర్తించారు. 2007లో జన్యువు దొరికింది. రోగుల్లో దాదాపు అందరిలో ఒక ప్రతిలో మార్పు ఇంట్రాన్ 2 చివర, ఎక్సాన్ 3 మొదలవడానికి కాస్త ముందు ఉంటుంది. అక్కడ టీ, సీ అక్షరాలు వరుసగా ఉండే చోటుంది. 'ఎక్సాన్ ఇక్కడ మొదలవుతుంది' అని స్ప్లైసింగ్ యంత్రాంగానికి దారి చూపేది ఆ వరుసే. ఎక్కువగా కనిపించే మార్పులో రెండు టీలు పోయి ఒక సీ వస్తుంది. ప్రోటీన్‌కి అక్షరాలిచ్చే భాగంలో ఒక్క అక్షరం కూడా నేరుగా మారలేదు. కానీ దారి చూపే వరుస బలహీనపడింది, ఎక్సాన్ 3ని యంత్రాంగం దాటేస్తుంది. ఎక్సాన్ 3 పొడవు మూడుతో భాగింపబడదు కాబట్టి తర్వాతి అక్షరాల చదువంతా తప్పిపోయి కొద్ది దూరంలోనే ఆపు గుర్తు వచ్చేస్తుంది.

అయితే పూర్తిగా దాటేయదు. కొన్ని ఆర్‌ఎన్‌ఏలు సరిగ్గానే అతుక్కుంటాయి, కొంత మంచి ఎంజైము తయారవుతుంది. అందుకే ఆ పిల్లలు బతుకుతున్నారు, చాలామందిలో జబ్బు నెమ్మదిగా నడుస్తుంది. నాడీకణాల్లో ఈ ఎక్సాన్‌ని కలుపుకునే సామర్థ్యం మామూలుగానే మిగతా కణాలకంటే తక్కువని తర్వాత ప్రయోగాల్లో తేలింది. శరీరంలో ప్రతి కణానికీ కావాల్సిన ఎంజైము చెడితే మెదడు, వెన్నుపాముకే ఎందుకు దెబ్బ అన్న ప్రశ్నకు జన్యు నిర్మాణం ఇచ్చిన మంచి జవాబుల్లో ఇదొకటి. ఆదోని పిల్లవాడికి తండ్రి నుంచి వచ్చింది ఈ ఇంట్రాన్ 2 మార్పే.

ఆర్జినిన్ మైటోకాండ్రియా జన్యువు ఆర్‌ఏఆర్‌ఎస్2లోనూ ఇలాంటిదే. అదే 2007లో ఒక మేనరిక కుటుంబంలో బయటపడింది. చిన్నమెదడు, మెదడు కాండం సరిగా ఎదగని తీవ్రమైన జబ్బు. మార్పు ఎక్సాన్ 2 అయిపోయాక ఇంట్రాన్‌లో అయిదో అక్షరం. రిపోర్టులో 'సి.110+5 ఏ>జీ' అన్నట్టు ఉంటుంది. ప్లస్ గుర్తుంటే ఎక్సాన్ తర్వాత ఇంట్రాన్‌లోకి అన్ని అక్షరాలు వెళ్లామని, మైనస్ ఉంటే తర్వాతి ఎక్సాన్‌కి అన్ని అక్షరాలు ముందున్నామని అర్థం. ప్లస్సో మైనస్సో కనిపిస్తే అది ఇంట్రాన్ అని గుర్తుపెట్టుకుంటే చాలు, సగం రిపోర్టు చదివినట్టే.

దీనివల్ల వచ్చే చిక్కు ఒకటుంది. ఇప్పుడు ఎక్కువగా చేసే ఎక్సోమ్ పరీక్ష ఎక్సాన్లను, వాటి అంచున కొద్ది అక్షరాలను మాత్రమే చూస్తుంది. డీఏఆర్‌ఎస్2 మార్పు ఎక్సాన్‌కి దాదాపు 20 అక్షరాల దూరంలో, అదీ ఒకే అక్షరం వరుసగా వచ్చే చోట ఉంది. యంత్రాలు అలాంటి చోట్ల తడబడతాయి, సాఫ్ట్‌వేర్ కూడా నమ్మకం తక్కువని పక్కన పెట్టేయొచ్చు. ఎంఆర్‌ఐ ఈ జబ్బులాగే ఉండి, రిపోర్టులో ఒక్క మార్పే దొరికితే, రెండోది లేదని తేల్చేయకూడదు. ఇంట్రాన్ 2 చివర ప్రత్యేకంగా చూడమని అడగాలి. హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ లాంటి చోట, బెంగళూరులో నరాల జన్యు విభాగాలున్న చోట ఈ మాట చెబితే అర్థం చేసుకుంటారు.

మన కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో మేనరికాలు ఇంకా జరుగుతున్నాయి కాబట్టి ఆ లెక్క కూడా చెబుతాను. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 8లో 1. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య అయితే 16లో 1. రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బులకు దీనివల్ల అవకాశం పెరుగుతుంది. అయితే ఆదోని దంపతుల మధ్య ఏ చుట్టరికమూ లేదు. ఇద్దరిలో మార్పులు కూడా వేర్వేరువి. ఎల్‌బీఎస్‌ఎల్‌లో అదే ఎక్కువ. ఏ కుటుంబంలోనైనా ఇద్దరూ వాహకులని తేలితే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మార్పులు రెండూ ముందే తెలిస్తే తర్వాతి గర్భంలో 11 నుంచి 13 వారాల మధ్య పరీక్ష చేయించుకునే వీలుంటుంది. అందుకే ఆ రెండో మార్పు వెతకడం కోసం నేను అంత పట్టుబడతాను.

ఇక మీ సెమినార్‌కి. 37 జన్యువుల పట్టిక పెట్టకండి, ఎవరూ చూడరు. కేఏఆర్‌ఎస్1, జీఏఆర్‌ఎస్1, హెచ్‌ఏఆర్‌ఎస్ జంట, డీఏఆర్‌ఎస్2, ఈ నాలుగు తీసుకుంటే చాలు. కేఏఆర్‌ఎస్1లో ఎక్సాన్ 2, డీఏఆర్‌ఎస్2లో ఎక్సాన్ 3 బొమ్మలు పక్కపక్కనే గీసి, ఒకచోట దాటడం మామూలు, ఇంకోచోట దాటడం జబ్బు అని చూపించండి. ప్రశ్నలు కచ్చితంగా వస్తాయి. మైటోకాండ్రియాలో గ్లుటమిన్ ఎంజైము ఎందుకు లేదని మీ గైడ్ తప్పకుండా అడుగుతారు, ఆ జవాబు సిద్ధం చేసుకోండి. హెచ్‌ఏఆర్‌ఎస్ జంట తెర ఫొటో తీశాక బాణం మొనలు ఏ వైపు ఉన్నాయో ఇక్కడ పెట్టండి, సరిగ్గా ఉందో లేదో చూసి చెబుతాను.